పెళ్లిళ్లు లేని నెలలో పురుగుల ఫొటోలు

అందరికీ నమస్తే. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్లకు వినబడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటా.

నేను పెళ్లి ఫొటోగ్రాఫర్‌ని, హన్మకొండలో చిన్న స్టూడియో ఉంది. పురుగుల గురించి మాట్లాడమని పెళ్లి ఫొటోలు తీసేవాణ్ని పిలిచారేంటి అని ముందు వరసలో ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఇక్కణ్నుంచి కనబడుతూనే ఉంది. సంగతేంటంటే, ఆషాఢం వచ్చిందంటే మాకు ముహూర్తాలుండవు. దానికి మూఢం కూడా తోడైతే ఇంకో నెల పోయినట్టే. కెమెరా బీరువాలో, ఫ్లాషులు సంచిలో, నేను ఇంట్లోవాళ్ల కాళ్లకడ్డం. సరిగ్గా ఆ రోజుల్లోనే బయట పురుగులకు సీజన్ మొదలవుతుంది. మిరుగు పోయి ఆరుద్ర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడితే చాలు, అప్పటిదాకా ఎండి పగుళ్లిచ్చిన నేల మీద ఎక్కడెక్కడివో వచ్చి వాలతాయి. అట్లా ఒక ఆషాఢంలో తోచక మొదలుపెట్టిన పని ఇది. ఇప్పుడు శ్రావణంలో ముహూర్తాలు మొదలైతే అయ్యో అనిపిస్తుంది, మా ఆవిడ ముందు మాత్రం అననులెండి.

ఈ గంటలో నేను చెప్పాలనుకున్నది నిజానికి ఒక్కటే, అది ముందే చెప్పేస్తా, మధ్యలో చాయ్‌కి లేచేవాళ్లకు కూడా అందుతుంది. లెన్స్ కొనడానికి తొందరపడకండి. ముందు వెలుతురు సంగతి తేల్చుకోండి, తరవాత ఆ పురుగు ఏ పూట ఎక్కడ ఉంటుందో తెలుసుకోండి. పది మందిలో ఎనిమిది మంది నా దగ్గరికి వచ్చి అడిగే మొదటి ప్రశ్న "అన్నా, ఏ లెన్స్ కొనాలె?" అని. వాళ్లలో చాలామంది కొంటారు కూడా, మూడు నెలలకు ఓఎల్‌ఎక్స్‌లో పెడతారు.

సరే, మొదట ఆరుద్ర పురుగు. మీ అందరికీ తెలిసిందే, ఎర్ర మఖ్మల్ ముక్క నేల మీద నడుస్తున్నట్టు ఉంటుంది, చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టుకుని బడికి తీసుకుపోయినవాళ్లు ఈ హాలులో సగం మంది ఉంటారు. నేనూ తీసుకుపోయిన. కానీ నలభై ఏళ్లు వచ్చేదాకా దాని కాళ్లు లెక్కపెట్టలేదు. మొదటి ఆషాఢంలో దాన్ని ఫొటో తీసి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే ఎనిమిది కాళ్లు. కీటకానికి ఆరే ఉండాలి కదా. అంటే ఇది అసలు కీటకమే కాదు, సాలెపురుగుల, తేళ్ల వైపు చుట్టం, నల్లి జాతి. పిల్లగా ఉన్నప్పుడు వేరే పురుగులను అంటిపెట్టుకుని వాటిని పీల్చి బతుకుతుంది. ఇంత అమాయకంగా కనబడేది. మీలో కొత్తవాళ్లు దీంతోనే మొదలుపెట్టండి అని ఎందుకు చెబుతానంటే, మెల్లగా నడుస్తుంది, కుట్టదు, ఎగరదు, పైగా ఒళ్లంతా మఖ్మల్ కాబట్టి వెలుతురును మింగేస్తుంది, ఫ్లాష్ ఎట్లా కొట్టినా పెద్దగా చెడదు. దానికి పూర్తిగా ఎదురు రకం ఇంకోటి ఉంది, తుమ్మ చెట్ల మీద దొరికే ఆకుపచ్చ బంగారు పురుగు. దాని దగ్గరికి తరవాత వస్తా, నన్ను ఏడిపించింది అదే.

మాక్రో, అంటే చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి పెద్దగా తీయడం, దాని గురించి కొంచెం లెక్క చెప్పాలి, భయపడకండి, కొంచెమే. 1:1 అంటారు కదా, అంటే పురుగు ఎంతుందో సెన్సర్ మీద, కెమెరా లోపల బొమ్మ పడే పలక మీద, దాని బొమ్మ కూడా అంతే పడడం. పెద్ద సైజు సెన్సర్‌ను ఫుల్ ఫ్రేమ్ అంటారు, దాని వెడల్పు 36 మి.మీ. మనం తినే సన్న బియ్యపు గింజ పొడుగు సుమారు 5, 6 మి.మీ. అనుకోండి. 1:1 దగ్గర ఆ గింజ ఫొటో వెడల్పులో ఆరో వంతు వస్తుంది, అంతే. దానికంటే చిన్నదైన క్రాప్ సెన్సర్ అయితే వెడల్పు 24 మి.మీ. లోపే, కాబట్టి అదే గింజ నాలుగో వంతు దాకా నిండుతుంది. అందుకే ఈ ఒక్క పనికి క్రాప్ బాడీ ఉన్నవాళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఇంటికి పోయాక ఒక బియ్యపు గింజను మీ లెన్స్‌తో ఎంత దగ్గరికి పోగలిగితే అంత దగ్గర్నుంచి తీసి, ఫ్రేములో ఎన్ని గింజలు పక్కపక్కన పడతాయో చూడండి, మీ సామాను ఎక్కడుందో మీకే తెలుస్తుంది. కొన్ని జూమ్ లెన్స్‌ల మీద మాక్రో అని రాసి ఉంటుంది, నమ్మకండి, చాలావాటిలో అది 1:3 కూడా దాటదు.

తక్కువ ఖర్చులో దగ్గరికి పోవడానికి మూడు దారులు. లెన్స్‌కు, కెమెరా బాడీకి మధ్య ఖాళీ గొట్టాలు పెట్టడం ఒకటి, ఎక్స్‌టెన్షన్ ట్యూబులంటారు. గొట్టం పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో, అంటే లెన్స్ మీద 50, 200 అని రాసి ఉండే మి.మీ. అంకెతో, భాగిస్తే బొమ్మ ఎంత పెరుగుతుందో వస్తుంది, 50 లెన్స్‌కు 50 మి.మీ. గొట్టం పెడితే దాదాపు 1:1. లోపల గాజు ఏమీ ఉండదు కాబట్టి చౌక. కానీ మరీ చౌకవాటిలో కరెంటు కాంటాక్టులు ఉండవు, అక్కడే నేను బోల్తా పడ్డా. పెట్టె విప్పి బిగించి చూస్తే అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం, మన మాట వినదు, వ్యూఫైండర్లో అంతా చీకటి. నా నికాన్ లెన్స్‌లో అపర్చర్ రింగు లేదు, బాడీ నుంచి విప్పగానే అది పూర్తిగా మూసుకుపోయే రకం. కానన్ వాళ్లకు ఇంకో తిప్పలు, విప్పే క్షణానికి రంధ్రం ఎట్లా ఉంటే అట్లానే, మామూలుగా అయితే బార్లా తెరిచే, ఆగిపోతుంది. కావలసిన అపర్చర్ పెట్టి, డెప్త్ ప్రివ్యూ బటన్, అంటే ఫొటో తీయకముందే అపర్చర్‌ను మూసి చూపించే బటన్, నొక్కిపట్టి లెన్స్ విప్పితే అదే అపర్చర్ నిలుస్తుంది. కాంటాక్టులున్న ట్యూబులు కొనండి, ఈ గోల ఉండదు.

రెండోది లెన్స్‌ను తిరగేసి బిగించడం. దీనికి రివర్స్ రింగ్ అని చిన్న ఇత్తడి చక్రమో అల్యూమినియం చక్రమో దొరుకుతుంది, మీ లెన్స్ ఫిల్టర్ సైజు 52, 55, 58 ఎంతో చూసి తెప్పించుకోండి. కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్స్‌నే తిరగేస్తే, 55 దగ్గర కంటే 18 దగ్గర బొమ్మ పెద్దదవుతుంది. మామూలు జూమ్‌కు తలకిందులు. అట్లా 18కి తిప్పితే చీమ తల ఒక్కటే ఫ్రేము నింపేస్తుంది. తిరగేసినప్పుడు నా లెన్స్ వెనకుండే చిన్న అపర్చర్ మీట ముందుకొస్తుంది కదా, అది వదిలేస్తే మూసుకుపోతుంది, అందుకని ఆర్టీసీ బస్ టికెట్‌ను నాలుగు మడతలు పెట్టి ఆ సందులో ఇరికించేవాణ్ని. హన్మకొండ నుంచి నర్సంపేట టికెట్ సరిగ్గా సరిపోయేది, ఎఫ్ 8కో ఎఫ్ 11కో దగ్గర. ఎఫ్ అంటే అపర్చర్ కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. నవ్వకండి, రెండేళ్లు అదే టికెట్. ఇందులో బాధ ఏంటంటే పురుగుకు, గాజుకు మధ్య నాలుగైదు సెంటీమీటర్ల దూరమే ఉంటుంది, పైగా లెన్స్ వెనక గాజు దుమ్ముకు బయట ఉంటుంది.

మూడోది, ఇప్పుడు నేను ఎవరికైనా మొదట చెప్పేది, లెన్స్ ముందు తగిలించే క్లోజప్ గాజు. ఒంటి గాజువి వద్దు, అంచుల్లో ఊదా రంగు పారుతుంది. రేనాక్స్ డీసీఆర్-250 అని ఉంది, పవర్ 8 డయాప్టర్లు, కళ్లద్దాల పవర్‌కు వాడే కొలతే, క్లిప్పులా పట్టుకుంటుంది. 200 దాకా పోయే జూమ్ లెన్స్‌కు తగిలించి 200 దగ్గర పెడితే 1.6 రెట్లు వస్తుంది. ఫోకల్ లెంగ్త్‌ను ఎనిమిదితో గుణించి వెయ్యితో భాగించండి, లెక్క అంతే. పురుగుకు పన్నెండు సెంటీమీటర్ల దాకా దూరం కూడా మిగులుతుంది. అసలైన మాక్రో లెన్స్‌లు, 90, 100, 105 రకాలు, బాగుంటాయి, కాదనను, నాకూ ఇప్పుడు ఒకటుంది. 1999లో కానన్ తెచ్చిన ఎంపీ-ఈ 65 అయితే 1 నుంచి 5 రెట్ల దాకా పోతుంది, కానీ దానితో పెళ్లికూతురిని తీయలేరు, దూరం ఫోకస్ అసలు ఉండదు. పెళ్లికూతురి ముక్కుపుడక తీయొచ్చు.

ఇక నా పెద్ద తప్పు. పురుగు మొత్తం స్పష్టంగా రావాలంటే అపర్చర్ బాగా మూయాలి అని స్టూడియో తెలివితో ఎఫ్ 22 పెట్టి వారం రోజులు చీమలను తీశా. ఒక్కటి కూడా పదునుగా రాలేదు, అన్నీ పాలల్లో ముంచి తీసినట్టు. లెన్స్‌లో ఫంగస్ పట్టిందనుకుని రిపేరు చేసే అన్న దగ్గరికి తీసుకుపోతే ఆయన విప్పి చూసి "లెన్స్ బంగారం లెక్క ఉంది, నీ చేతులే బాగా లేవు" అన్నాడు. చేతులది కాదు తప్పు, డిఫ్రాక్షన్‌ది. సన్న రంధ్రంలోంచి వెలుతురు దూరితే పరుచుకుపోయి బొమ్మ మెత్తబడుతుంది. దగ్గరికి పోయేకొద్దీ అది ఇంకా ఎక్కువ, ఎందుకంటే 1:1 దగ్గర ఎఫ్ 16 పెడితే అది ఎఫ్ 32లా పనిచేస్తుంది. కెమెరా తెర మీద 16 అనే చూపించవచ్చు, లోపల జరిగేది వేరు. బొమ్మ ఎన్ని రెట్లో దానికి ఒకటి కలిపి అపర్చర్‌ను గుణిస్తే అసలు సంగతి తెలుస్తుంది. అట్లా అని బార్లా తెరిస్తే ఫోకస్‌లో ఉండే లోతు మిగలదు. ఫుల్ ఫ్రేమ్‌లో 1:1 దగ్గర ఎఫ్ 8 పెడితే ఆ లోతు ఒక మిల్లీమీటరు, రూపాయి బిళ్ల మందం కూడా కాదు. 2:1కి పోతే అందులో మూడో వంతు. అందుకే క్రాప్ బాడీలో నేను ఎఫ్ 8, మరీ అయితే ఎఫ్ 11 దగ్గర ఆగుతా, రెండు మూడు రెట్లకు పోతే ఎఫ్ 5.6కే దిగుతా. ఈ సన్నటి లోతును ఎక్కడ పెట్టాలో మనమే తేల్చుకోవాలి. కంట్లో పెట్టండి. కాళ్లు, మీసాలు మసకబారినా చూసేవాడు ఊరుకుంటాడు, కళ్లు మసకబారితే ఊరుకోడు.

ఇప్పుడు బంగారు పురుగు. వానాకాలం తుమ్మ చెట్ల మీద దొరుకుతుంది, వీపు పచ్చగా, పచ్చలోనే నీలం తిరుగుతూ మెరుస్తుంది. ఆ పచ్చదనం రంగు పూసింది కాదు, పెంకు పొరల్లో వెలుతురు విరిగి వచ్చే మెరుపు. అంటే అది ఒక అద్దం. అద్దం ముందు నేను నా స్పీడ్‌లైట్, అదే కెమెరా మీద బిగించే ఫ్లాష్, పెట్టి కొట్టా. ఫొటోలో ఏం వచ్చింది? పురుగు రాలేదు, నా ఫ్లాష్ బల్బు వచ్చింది, పెంకు మీద తెల్లటి చతురస్రం కాలిపోయినట్టు, చుట్టూ అంతా నలుపు. కోణం మార్చా, చతురస్రం పక్కకు జరిగింది. పవర్ తగ్గించా, చతురస్రం అట్లానే ఉండి పురుగు ఇంకా నల్లబడింది. లెన్స్ చుట్టూ గుండ్రంగా ఉండే రింగ్ ఫ్లాష్ అప్పు తెచ్చి కొట్టా, చతురస్రం పోయి వడ వచ్చింది. పళ్ల డాక్టర్లకు పనికొచ్చే వస్తువు అది, మనకొద్దు.

అప్పుడు వెలిగింది. పెళ్లిలో పెళ్లికూతురు నగలకు మనం ఏం చేస్తాం? నేరుగా ఫ్లాష్ కొడతామా? గొడుగు పెడతాం, సాఫ్ట్‌బాక్స్ పెడతాం, పెద్ద తెల్లటి వెలుతురు చేసి దగ్గరికి తెస్తాం. ఇదీ నగే కదా! పురుగు చిన్నది కాబట్టి గొడుగు కూడా చిన్నది చాలు, జానెడు వెడల్పు తెల్ల కాగితం, పురుగుకు నాలుగంగుళాల దూరంలో ఉంటే దానికి అది ఆకాశమంత. అదే కాగితాన్ని రెండు అడుగుల దూరం జరిపితే మళ్లీ బల్బే. మెత్తదనం కాగితంలో ఉండదు, అది ఎంత దగ్గరగా, ఎంత పెద్దగా కనబడుతుందో దాంట్లో ఉంటుంది.

ఇదిగో, నా దగ్గరున్నది చూపిస్తా, చేతులు మార్చుకుంటూ వెనక్కి పంపండి, జాగ్రత్త, టేపు ఊడుతుంది. చిప్స్ వచ్చే పొడుగు గుండ్రటి డబ్బా ఉంటుంది కదా, లోపల వెండి పూత ఉంటుంది, అడుగు కోసేసి ఒక వైపు ఫ్లాష్ తలకు తొడిగా. రెండో చివర మొదటి పొర బటర్ పేపర్. దాని ముందు రెండంగుళాలు ఖాళీ వదిలి, లెన్స్ చుట్టూ గొడుగులా వంచి కట్టింది కొత్త టీవీకి చుట్టి వచ్చే పలుచటి తెల్ల ఫోమ్ షీటు. రెండు పొరలు ఎందుకంటే, మొదటిది వెలుతురును పరుస్తుంది, మధ్యలో ఖాళీలో అది ఇంకా విప్పారుతుంది, రెండోది అంతటా సమంగా వెలుగుతుంది. ఒకే పొర పెడితే మధ్యలో మచ్చ, అంచులు చీకటి. సరిగ్గా వచ్చిందో లేదో ఎట్లా తెలుస్తుంది? గెంతే సాలెపురుగును ఒకదాన్ని తీయండి, ఇంట్లో గోడ మీదే ఉంటుంది. దాని ముందు కళ్లు రెండు పెద్దవి, నల్లటి గాజు గోళీల్లా ఉంటాయి. ఆ కంట్లో మీ డిఫ్యూజర్, అంటే వెలుతురును మెత్తబరిచే ఈ తెల్ల పొర, ఆకారం మొత్తం పడుతుంది. మొదటిసారి తీసినప్పుడు నా ఫోమ్ షీటు మధ్యలో వేసిన టేపు అతుకు కూడా కనబడింది ఆ కంట్లో. ఇంటికొచ్చి అతుకు పక్కకు మార్చా.

సెట్టింగులు మీరు ఎలాగూ అడుగుతారు. మాన్యువల్ మోడ్, ఐఎస్‌ఓ 200, షట్టర్ 1/200, ఎఫ్ 8, ఫ్లాష్ కూడా మాన్యువల్లోనే 1/16తో మొదలుపెట్టి అటూ ఇటూ చూసుకోండి. పెళ్లిళ్లలో టీటీఎల్‌కు, అంటే ఫ్లాష్ పవర్‌ను కెమెరాయే తేల్చే పద్ధతికి, అలవాటుపడ్డవాళ్లు ఇక్కడ దాన్ని వదిలేయండి, దూరం ఎప్పుడూ దాదాపు ఒకటే కాబట్టి ఒకసారి కుదిరితే రోజంతా అదే. షట్టర్ 1/200 అయితే పురుగు కదిలితే మసకబారదా అని అడుగుతారు. గాలికి ఆకు ఊగుతున్నా ఆగిపోతుంది, ఎందుకంటే బొమ్మ గీసేది షట్టర్ కాదు, ఫ్లాష్. పవర్ 1/32 దగ్గర ఫ్లాష్ వెలిగి ఆరేది సెకనులో సుమారు పది వేల వంతు. ఫుల్ పవర్లో కొడితే మాత్రం అంత చురుకు ఉండదు, బ్యాటరీ కూడా తొందరగా పోతుంది. వెనక అంతా నల్లగా వస్తోందంటే, వెలుతురు పురుగు దాటి పోయేసరికి నీరసించిపోయిందన్నమాట, దూరం రెట్టింపయితే వెలుతురు నాలుగో వంతు. ఒక ఎండుటాకో, పచ్చటి మోదుగాకో తుంచి పురుగు వెనక జానెడు దూరంలో పట్టుకోండి, నేపథ్యం వచ్చేస్తుంది.

ఫోకస్ రింగు తిప్పకండి, ఆటోఫోకస్ ఆపేయండి. ఎంత పెద్దగా కావాలో రింగు అక్కడ పెట్టి, మీరే ముందుకూ వెనక్కీ ఊగండి, కన్ను పదునెక్కగానే నొక్కండి. ఊపిరి వదిలాక నొక్కితే మేలు. పురుగు కొమ్మ మీదో గడ్డి మీదో ఉంటే ఎడమ చేతి వేళ్లతో ఆ కాడను మెల్లగా పట్టుకుని, అదే చేతి మణికట్టు మీద లెన్స్ ఆనించండి. ఇప్పుడు పురుగూ కెమెరా కలిసే ఊగుతాయి, అంటే ఊగనట్టే. ఈ ఒక్క కిటుకుతో నా ఫొటోల్లో పనికొచ్చేవి ఎంత పెరిగాయో చెప్పలేను. ట్రైపాడ్ బయట పనికిరాదు, దాన్ని నిలబెట్టేలోపు ఆ పురుగు మనవలను ఎత్తుకుంటుంది. ఒక వెదురు కర్రకు బట్టల క్లిప్పు కట్టుకుని పోండి, ఊగే గడ్డి పరకను పట్టి ఉంచడానికి బాగుంటుంది. సీతాకోకచిలుకో తూనీగో రెక్కలు చాపి ఉంటే కెమెరా వీపును రెక్కలకు సమాంతరంగా పెట్టండి, ఆ కాస్త లోతులోనే రెక్కలు మొత్తం ఇముడుతాయి.

పురుగు ఏ పూట ఎక్కడ ఉంటుందో తెలుసుకోవాలన్నా కదా, అది ఒక ముచ్చటతో చెబుతా. మా ఇంటి వెనక ఖాళీ ప్లాటు ఉంది, రాళ్లు పాతి వదిలేసిన వెంచర్, నిండా వయ్యారిభామ, ఉత్తరేణి, ఎండిన గడ్డి. అక్కడ నీలి పట్టీల తేనెటీగలు తిరిగేవి, నల్లటి పొట్ట మీద నీలం చారలు, బుయ్యిమని పూవు దగ్గర ఆగి ఆగకుండా పోయేవి. పగలు వాటి వెనక పరుగెత్తి పరుగెత్తి మూడు రోజుల్లో ఒక్క మంచి ఫొటో రాలేదు. నాలుగో రోజు సాయంత్రం ఆరు దాటాక, విసుగొచ్చి బ్యాగు సర్దుకుంటుంటే, ఒక ఎండు పుల్ల మీద ఒకటి వచ్చి వాలింది. వాలి, దవడలతో ఆ పుల్లను కరిచి పట్టుకుంది. తరవాత కాళ్లు ముడుచుకుంది. అట్లా నోటితోనే వేలాడుతూ పడుకుంది. కాసేపటికి దాని పక్కన ఇంకోటి, తరవాత ఇంకోటి, చూస్తుండగానే ఒకే పుల్లకు పదకొండు. ఈ రకం తుట్టె కట్టవు, ఆడవి నేలలోనో గోడ సందుల్లోనో ఎవరి గూడు వాళ్లు చేసుకుంటాయి, మగవాటికి ఇల్లు లేదు, రాత్రి ఇట్లా గుంపుగా పుల్లను కరిచి పడుకుంటాయి.

మర్నాడు తెల్లవారుజామున ఐదున్నరకు పోయా. అన్నీ అక్కడే, ఉన్నట్టే ఉన్నాయి. ఒంటి మీద వెంట్రుకలకు మంచు చుక్కలు, కంటి మీద ఒక చుక్క, ఆ చుక్కలో వెనకున్న వాటర్ ట్యాంకు తలకిందులుగా. పగలు పట్టుమని సెకను నిలవనివి ముప్పావు గంట నా ముందు అట్లానే ఉన్నాయి. లెన్స్ రెండంగుళాల దగ్గరికి తెచ్చినా కదల్లేదు, చలికి వాటి ఒళ్లు పనిచేయదు. ఎండ పుల్ల మీద పడ్డాక మొదట ఒకదాని పొట్ట పంపు కొట్టినట్టు ఆడడం మొదలైంది, ముందు కాళ్లతో కళ్లు తుడుచుకుంది, కళ్లు తుడుచుకున్నాక మీసాలు, ఆ తరవాతే పుల్ల వదిలింది. వదిలాక గాలిలో ఒక్క క్షణం ఆగి ఎగిరిపోయింది. ఏడు గంటలకల్లా పుల్ల ఖాళీ. సాయంత్రం ఎక్కడ పడుకున్నాయో చూసి పెట్టుకుని, తెల్లారక ముందే పోండి. పాకాలకో, లక్నవరానికో పోయినా ఇదే పద్ధతి, మొదటి రోజు సాయంత్రం చూసి రావడానికే పోవాలి. పాకాల అభయారణ్యం లోపలికి అయితే అటవీ శాఖ అనుమతి అడిగే పోండి. తూనీగలకు ఇంత తంటా లేదు, చెరువు కట్ట మీద ఒకటి లేచిపోతే వెంటబడకండి, అక్కడే కూర్చోండి, చాలా రకాలు మళ్లీ అదే పుల్ల మీదకు వస్తాయి.

గొల్లభామను తీసేటప్పుడు ఒక తమాషా. మీరు ఎటు జరిగినా దాని కంట్లో నల్లటి చుక్క మీ వైపే తిరుగుతుంది, మిమ్మల్నే చూస్తున్నట్టు. నిజంగా దానికి కనుపాప లేదు. వేల చిన్న కళ్లు కలిసిన కన్ను అది, వాటిలో సరిగ్గా మన వైపున్నవి వెలుతురును తిప్పి కొట్టకుండా మింగేస్తాయి, అవి నల్లగా కనబడతాయి. ఫొటోలో ఆ చుక్క రెండు కళ్లలోనూ ఉందంటే మీరు దానికి ఎదురుగా ఉన్నట్టు.

స్టాకింగ్ గురించి ఒక మాట. ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ పది ఇరవై ఫొటోలు తీసి, పదునైన భాగాలన్నీ కలిపి ఒక ఫొటో చేయడం. పడుకున్న పురుగుకు ఇది పనికొస్తుంది, నడిచేదానికి కాదు. చేతితోనే చేయొచ్చు, కాడను పట్టుకుని, మెల్లగా ముందుకు వంగుతూ టకటకా నొక్కడమే, ఫ్లాష్ పవర్ తక్కువలో ఉంటే అందుకుంటుంది. కలపడానికి జెరీన్ స్టాకర్, హెలికాన్ ఫోకస్ ఉన్నాయి, డబ్బులు పెట్టొద్దనుకుంటే పికోలే ఉచితం. జెరీన్‌లో కలిపే పద్ధతులు రెండున్నాయి, వెంట్రుకలు, ఒకదాని మీద ఒకటి పడే మీసాలు ఎక్కువుంటే పీమ్యాక్స్, నున్నటి పెంకు రంగులకు డీమ్యాప్. ఇంగ్లండ్ ఫొటోగ్రాఫర్ లెవాన్ బిస్ మ్యూజియంలో దాచిన చనిపోయిన పురుగులకు ఒక్కోదానికి ఎనిమిది వేలకు పైగా ఫొటోలు కలుపుతాడు. అది వేరే లోకం, మన ఆషాఢం సరిపోదు.

నేనూ మొదట్లో ఒక పాడు పని చేశా, పురుగు కదలకుండా ఉంటుందని ఫ్రిజ్‌లో పెట్టి తీశా. కదల్లేదు నిజమే, ఫొటో చూస్తే కాళ్లు తేలేసి శవంలా ఉంది. అది చూశాక మళ్లీ పెట్టలేదు. ఇంకోటి, తెలియనిదాన్ని చేత్తో పట్టుకోకండి. బెండ పూల మీద, చిక్కుడు పూల మీద వానాకాలం నలుపు, నారింజ పట్టీలతో ఒక పురుగు ఉంటుంది, అందంగా ఉంది కదా అని వేలి మీద ఎక్కించుకున్నా. రాత్రికి నిమ్మకాయంత బొబ్బ. దాని ఒంట్లో క్యాంథరిడిన్ అనే విషం ఉంటుంది, నొక్కితే కారుతుంది. పొడుగు గడ్డిలోకి బూట్లు లేకుండా పోవద్దని చెప్పనక్కర్లేదనుకుంటా, కన్ను వ్యూఫైండర్లో ఉన్నప్పుడు కాలి కింద ఏముందో కనబడదు.

ఫోన్లున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు అలిగినట్టున్నారు. చౌక ఫోన్లలో మాక్రో అని వేరే కెమెరా ఇస్తారు, 2 మెగాపిక్సెల్‌ది, దాన్ని మర్చిపోండి. అసలు కెమెరా మీద కొన్ని వందల రూపాయల క్లిప్ లెన్స్ పెట్టుకుంటే దానికంటే ఎన్నో రెట్లు మేలు. ఎంత మేలో మా మేనమామ చేను దగ్గర తెలిసింది. 2021లో మన దిక్కు మిర్చికి నల్ల తామర పురుగు పట్టి పూతంతా రాలిపోయింది కదా, ఆయనకు నర్సంపేట దగ్గర రెండెకరాలు. పూవు దులిపితే అరచేతిలో నల్లటి నలుసులు పడేవి, ఒక్కోటి మిల్లీమీటరు. ఆయన దుమ్మనుకున్నాడు. 24 మెగాపిక్సెల్ క్రాప్ కెమెరాలో 1:1 దగ్గర మిల్లీమీటరుకు సుమారు 255 పిక్సెళ్లు వస్తాయి, అంటే ఆ పురుగు మొత్తం 255 పిక్సెళ్లే, చాలదు. కిట్ లెన్స్ తిరగేసి, బస్ టికెట్ ఇరికించి, చిప్స్ డబ్బా పెట్టి అక్కడే గట్టు మీద తీసి తెర మీద చూపించా. సన్నటి రెక్కలు, రెక్కల అంచున కుంచెకున్నట్టు వెంట్రుకలు, కోసుగా ఉన్న తల. చాలాసేపు చూసి "ఏందిరా, ఇది మన చేన్లదేనా?" అన్నాడు. తరవాత ఆయన క్లిప్ లెన్స్ తెప్పించుకున్నాడు. నీలి రంగు జిగురు అట్టలు కట్టి, రోజూ పొద్దున వాటి మీద ఎన్ని పడ్డాయో ఫొటో తీసి పంపేవాడు, ఫొటోలు వంకరగా వచ్చేవి, కానీ ఏది తామర పురుగో ఏది పచ్చదోమో చెప్పేయొచ్చు. మామకు ఇప్పుడు అక్షింతల పురుగుకూ దాని పిల్లకూ తేడా తెలుసు. ఆ పిల్ల మొసలి లాగా ఉంటుంది, పేనుబంకను తింటుంది, అది చూసి కీడు పురుగనుకుని మందు కొట్టేవాళ్లు చాలామంది.

ప్రశ్నలుంటే అడగండి. రేపు పొద్దున ఐదున్నరకు వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఉంటా, రాగలిగినవాళ్లు రండి, కెమెరా లేకున్నా పర్వాలేదు, ఒక తెల్ల కాగితం, బట్టల క్లిప్పు తెచ్చుకోండి చాలు. అన్నట్టు ఆ చిప్స్ డబ్బా ఎవరి దగ్గర ఆగింది? ఆ చివర అన్నా, మీ చేతిలోనే ఉంది, ఇటు పంపండి, రేపటికి అదొక్కటే ఉంది నాకు.